పుట్టుమచ్చ ఎందుకు ఆగిపోతుంది?

పదో తరగతి పరీక్షలకు విద్యార్థుల వివరాలు పంపే రోజుల్లో మన హైస్కూళ్లలో ఒక తంతు జరుగుతుంది. క్లాస్ టీచర్ ఒక్కొక్కరినీ పిలిచి ఒంటిమీద రెండు పుట్టుమచ్చలు చూపించమంటారు. కుడిచెంప మీద ఒకటి, ఎడమ మోచేతి దగ్గర ఒకటి అని రాసుకుంటారు. కనపడనివాళ్లు చొక్కా చేతులు మడిచి వెతుక్కుంటారు. అప్పటికీ దొరక్కపోతే చిన్నప్పుడెప్పుడో తగిలిన దెబ్బ తాలూకు మచ్చతో సరిపెడతారు. అలా రాసిన గుర్తులు సర్టిఫికెట్‌లోకి ఎక్కి, ఉద్యోగాల దాకా వెంట వస్తాయి. సినిమాల్లోనూ అంతే. తప్పిపోయిన తమ్ముణ్ణి అన్న గుర్తుపట్టాలన్నా, ఒకే పోలికతో ఉన్న ఇద్దరు హీరోల్లో ఎవరెవరో తేలాలన్నా పుట్టుమచ్చే సాక్ష్యం.

ఇంత నమ్మకం పెట్టుకున్న ఈ గుర్తు నిజానికి అంత స్థిరమైనది కాదు. పుట్టుమచ్చల్లో చాలావరకు పుట్టుకతో రావు. వచ్చినవి వచ్చినట్టు ఉండవు కూడా. రంగు మారతాయి, ఉబ్బుతాయి, వయసు మళ్లాక కొన్ని కనిపించకుండా పోతాయి. వీటన్నిటినీ మించిన విశేషం ఇంకొకటుంది. మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్‌లో కనిపించే జన్యు మార్పే మామూలు పుట్టుమచ్చల్లోనూ కనిపిస్తుంది. అయినా ఆ మచ్చ క్యాన్సర్ కాదు. రెండు మిల్లీమీటర్లో నాలుగు మిల్లీమీటర్లో పెరిగి, అక్కడితో ఆగిపోయి, దశాబ్దాలు అలాగే ఉండిపోతుంది. క్యాన్సర్ దారిలో ఒక అడుగు వేసిన కణాలు రెండో అడుగు వేయకుండా ఎలా ఆగాయి? పుట్టుమచ్చ మీద పరిశోధనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

రంగు కణాల వలస

చర్మానికి రంగునిచ్చే కణాల పేరు మెలనోసైట్లు. ఇవి చర్మంలో పుట్టినవి కావు, వలస వచ్చినవి. కడుపులో బిడ్డ ఇంకా కొన్ని వారాల పిండంగా ఉన్నప్పుడు, మున్ముందు వెన్నుపాము కాబోయే గొట్టం అంచున ఒక కణాల వరస ఏర్పడుతుంది. దాన్ని నాడీ శిఖరం అంటారు. ముఖంలోని కొన్ని ఎముకలు, కొన్ని రకాల నాడీకణాలు, అడ్రినల్ గ్రంథి లోపలి భాగం అక్కడి నుంచి వచ్చినవే. రంగు కణాల మూలకణాలు కూడా అక్కడే బయల్దేరతాయి. వెన్ను నుంచి పక్కలకూ, పక్కల నుంచి పొట్ట వైపుకూ సాగుతాయి. కొన్ని నరాలను పట్టుకొని ప్రయాణిస్తాయి. కొన్ని లోపలి చెవికి, కొన్ని కంటి మధ్య పొరకు చేరతాయి. అందుకే కంటి లోపల కూడా పుట్టుమచ్చ ఉండొచ్చు. కంటి డాక్టరు చుక్కల మందు వేసి లోపలికి చూసినప్పుడు గానీ అది బయటపడదు.

చర్మానికి చేరిన మెలనోసైట్లు పై పొర అడుగు వరసలో ఒకదానికొకటి ఎడంగా కుదురుకుంటాయి. ఒక్కొక్కటి సన్నని పాయలు చాచి, చుట్టూ ఉన్న ముప్పై నలభై చర్మకణాలకు మెలనిన్ రేణువులు పంచిపెడుతుంది. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారైన రంగు పదార్థం ఇది. రేణువులు అందుకున్న కణం వాటిని తన కేంద్రకానికి పైభాగాన, ఎండ తగిలే వైపున పేర్చుకుంటుంది. అతినీలలోహిత కిరణాలు లోపలి డీఎన్‌ఏను తాకకుండా అవి అడ్డుపడతాయి.

చామనఛాయ వాళ్లకూ నల్లని వాళ్లకూ రంగు కణాలు ఎక్కువగా ఉంటాయని అనుకుంటాం. లెక్కపెట్టి చూస్తే ఏ దేశపు మనిషిలోనైనా వాటి సంఖ్య ఇంచుమించు ఒకటే. తేడా అంతా రేణువుల్లో ఉంది. ముదురు చర్మంలో అవి పెద్దవిగా, విడివిడిగా, ఎక్కువ కాలం చెదరకుండా ఉంటాయి. తెల్లని చర్మంలో చిన్నవిగా, గుత్తులుగా ఉండి త్వరగా కరిగిపోతాయి. 1979లో అమెరికాలో చేసిన ఒక ప్రసిద్ధ కొలతలో, ఎండ వల్ల కందకుండా కాపాడే శక్తి నల్లజాతి వారి చర్మపు పై పొరకు 13గా ఉంటే, తెల్లవారి చర్మానికి 3గా ఉన్నట్టు తేలింది.

మచ్చకూ బాల్యం, వార్ధక్యం

ఎడంగా ఉండవలసిన ఈ కణాల్లో ఒకటి విభజన మొదలుపెట్టి, దాని సంతానమంతా ఒకేచోట గుంపు కట్టినప్పుడు పుట్టుమచ్చ ఏర్పడుతుంది. పుట్టిన బిడ్డల్లో దాదాపు నూటికి ఒకరికి మాత్రమే ఇది పుట్టుకతో ఉంటుంది. మిగతావి తర్వాత వచ్చేవే. ఏడాది రెండేళ్ల వయసులో మొదలై, బడికి వెళ్లే ఈడులోనూ యవ్వనంలోనూ సంఖ్య పెరుగుతుంది. ముప్పై, నలభై ఏళ్ల దాకా కొత్తవి రావడం వింతేమీ కాదు. ఆ తర్వాత తగ్గుముఖం పడతాయి. గర్భిణుల్లో కొందరికి మచ్చలు కాస్త ముదురు రంగుకు తిరగవచ్చు.

ఒక మచ్చ జీవితం స్థూలంగా మూడు దశల్లో సాగుతుంది. మొదట కణాల గుంపులు చర్మపు రెండు పొరల సరిహద్దులో ఉంటాయి. అప్పుడు మచ్చ చదునుగా, నల్లగా, వేలికి తగలకుండా ఉంటుంది. తర్వాత కొన్ని గుంపులు కింది పొరలోకి దిగుతాయి. మచ్చ కొద్దిగా ఉబ్బి గోధుమరంగుకు వస్తుంది. చివరికి కణాలన్నీ కింది పొరలోనే మిగిలి, రంగు తయారు చేయడం తగ్గించేస్తాయి. అప్పుడది మెత్తగా, ఒంటి రంగులో, ఒక్కోసారి రెండు వెంట్రుకలతో కనిపిస్తుంది. కణాలు ఇలా పై నుంచి కిందికి జారతాయని 1893లో ప్రతిపాదించింది జర్మన్ చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా. దారి పై నుంచి కిందికేనా అన్న వాదం ఆ తర్వాత చాలాకాలం నడిచినా, మచ్చ రూపం మారే క్రమాన్ని వివరించడానికి ఈ మూడు దశలే నేటికీ వాడుకలో ఉన్నాయి. ఉబ్బిన మచ్చనూ వెంట్రుక మొలిచిన మచ్చనూ చూసి చాలామంది కంగారు పడతారు. ఏళ్ల తరబడి అలాగే ఉన్నట్లయితే అది వయసు మీరి నెమ్మదించిన మచ్చే.

పుట్టుకతో వచ్చే మచ్చల్లో కొన్ని భారీగా ఉంటాయి. బిడ్డ పెద్దయ్యేసరికి 20 సెంటీమీటర్లు దాటే మచ్చ వీపునంతా కప్పేయవచ్చు. ఇవి చాలా అరుదు. కడుపులో ఉండగానే ఎన్‌రాస్ అనే జన్యువులో వచ్చిన మార్పు వీటిలో ఎక్కువవాటికి కారణం. క్యాన్సర్ భయం వీటిలో మామూలు మచ్చల కంటే ఎక్కువ, మెదడు పొరల్లోనూ రంగు కణాలు చేరే అవకాశం ఉంది. కాబట్టి చిన్నప్పటి నుంచే డాక్టరు గమనింపులో ఉండాలి.

పసిపిల్లల పిరుదుల మీద, నడుము దగ్గర కనిపించే నీలి మచ్చ సంగతి వేరు. మన ప్రాంతంలో ఇది మామూలే. దెబ్బ తగిలి కమిలిందేమో అని కొత్త తల్లులు బెంగపడతారు. వలసలో చర్మం పై పొర దాకా రాలేక మధ్యలో ఉండిపోయిన రంగు కణాలవి. మెలనిన్ లోతున ఉన్నప్పుడు, పొడవైన తరంగాలున్న ఎర్రని కాంతి కిందికి దిగి ఇంకిపోతుంది. పొట్టి తరంగాల నీలికాంతి మాత్రం పైనే చెదిరి కంటికి తిరిగి వస్తుంది. నల్లని పదార్థం నీలంగా కనపడేది అందుకే. బడికి వెళ్లే వయసు వచ్చేసరికి ఈ మచ్చలు చాలావరకు పోతాయి.

మనం పుట్టుమచ్చ అనుకునేవన్నీ పుట్టుమచ్చలు కావు. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. మెడ మీద, చంకల్లో వేలాడే చిన్న తోకల్లాంటివి చర్మపు మడతలు. నడివయసు దాటాక చెంపల మీద, కళ్ల చుట్టూ ఆవగింజంత నల్లని పొక్కులు వరసగా లేవడం ముదురు చర్మం ఉన్నవారిలో, ముఖ్యంగా ఆడవాళ్లలో సాధారణం. తల్లికి ఉంటే కూతురికీ రావచ్చు. వాటిలో రంగు కణాల గుంపులు ఉండవు, చర్మపు పై పొరే మందమై అలా కనిపిస్తుంది. హాని లేదు.

ఒక్క అక్షరం తప్పు

2002లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ దగ్గర ఉన్న సాంగర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు క్యాన్సర్ కణాల జన్యువులను ఒక్కొక్కటిగా చదివే పనిలో ఉన్నారు. మెలనోమాల దగ్గరికి వచ్చేసరికి బీ-రాఫ్ అనే జన్యువు వారి దృష్టిని ఆపింది. పరీక్షించిన మెలనోమాల్లో మూడింట రెండు వంతుల్లో అది మారి ఉంది. మారినవాటిలో అత్యధిక భాగం ఒకే చోట, ఒకే విధంగా మారాయి. డీఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం తప్పు. దాని ఫలితంగా ప్రొటీన్‌లో 600వ స్థానంలో వేలీన్ ఉండవలసిన చోట గ్లుటామిక్ ఆమ్లం వచ్చి కూర్చుంది.

బీ-రాఫ్ ప్రొటీన్ పని కబురు మోయడం. ‘విభజించుకో’ అన్న సంకేతం బయటి నుంచి వచ్చినప్పుడే దాన్ని కేంద్రకం వైపు పంపుతుంది. తప్పు పడిన బీ-రాఫ్ సంకేతం రాకపోయినా పంపుతూనే ఉంటుంది. మామూలు ప్రొటీన్ కంటే దాని చురుకు కొన్ని వందల రెట్లు ఎక్కువ. ఇంకేం, మెలనోమాకు మూలం దొరికిందనుకున్నారు.

ఏడాది తిరగకముందే అమెరికాలోని ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థల బృందం మామూలు పుట్టుమచ్చలను పరీక్షించింది. ఏ హానీ చేయని ఆ మచ్చల్లో 82 శాతంలో బీ-రాఫ్ మార్పు కనిపించింది. అంటే క్యాన్సర్‌లో కన్నా మచ్చల్లోనే అది ఎక్కువ! ఒక మచ్చలోని కణాలన్నిటిలో అదే తప్పు ఉండటం వల్ల, అవన్నీ ఒక్క కణం సంతానమని కూడా రుజువైంది. పదిహేను, ఇరవై పుట్టుమచ్చలున్న మనిషి ఒంట్లో దాదాపు అన్నిసార్లు ఈ తప్పు జరిగి ఉంటుంది. అన్నిసార్లూ కథ మధ్యలోనే ముగిసింది.

ఎవరు ఆపారు?

2005లో నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ పీపర్ బృందం దీనికి ఒక జవాబు చూపించింది. మామూలు మెలనోసైట్లలోకి ప్రయోగశాలలో తప్పు బీ-రాఫ్‌ను ప్రవేశపెట్టారు. అవి కొద్దిగా పెరిగి విభజన ఆపేశాయి. చావలేదు, క్యాన్సర్‌గా మారలేదు, ముసలి కణాల లక్షణాలతో ఉండిపోయాయి. మనుషుల పుట్టుమచ్చల్లోనూ అలాంటి లక్షణాలే కనిపించాయి. వాటిలో ముఖ్యమైనది పీ16 అనే ప్రొటీన్. కణవిభజనను నిలిపివేసే ప్రొటీన్ అది.

స్టార్టరు ఆన్‌లో ఇరుక్కుపోయి ఆగకుండా తోడే బోరు మోటారును ఊహించుకోండి. తప్పు బీ-రాఫ్ ఉన్న కణం స్థితి అదే. పొలం మునగకుండా కాపాడేది లోడు పెరగగానే కరెంటు తెగగొట్టే రక్షణ ఏర్పాటు. ఇక్కడ ఆ ఏర్పాటును పనిచేయించేది సంకేతం అతిగా రావడమే. ఏ తప్పు కణాన్ని పరుగెత్తించిందో ఆ తప్పే దాన్ని ఆపే యంత్రాంగాన్నీ లేపుతుంది.

అయితే పీ16తో కథ పూర్తవలేదు. పుట్టుమచ్చను పరీక్షిస్తే కొన్ని కణాల్లో పీ16 నిండుగా ఉంటుంది, పక్కనే కొన్నిటిలో అసలు ఉండదు. అయినా అన్నీ ఆగే ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పైపైన చెక్కేసిన పుట్టుమచ్చ కొన్నిసార్లు అదే చోట మళ్లీ వస్తుంది. మిగిలిపోయిన కణాలు నిజంగా ముసలివై శాశ్వతంగా ఆగి ఉంటే మళ్లీ ఎలా పెరిగాయి? ఈ ప్రశ్నతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ కేంద్రంలోని పరిశోధకులు ఎలుకల మచ్చల్లోని కణాలను విడివిడిగా పరిశీలించారు. వాటిలో ముసలి కణాల జాడలు వారికి కనిపించలేదు. మచ్చ ఒక పరిమాణానికి రాగానే కణాలు ఒకదానికొకటి సంకేతాలిచ్చుకొని విభజన ఆపుకుంటాయని, మామూలు అవయవాలు తమ కొలతకు ఆగినట్టే మచ్చా ఆగుతుందని వారు వాదిస్తున్నారు. ఒక్కో కణం తనంతట తాను ఆగిందా, గుంపంతా కలిసి ఆగిందా అన్నది ఇంకా నడుస్తున్న చర్చ. ఒకటికి మించిన కాపలా ఉందన్నంత వరకు ఇరుపక్షాలకూ పేచీ లేదు.

ఆ కాపలాలు ఒక్కొక్కటే ఎలా తొలగిపోతాయో 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బోరిస్ బాస్టియన్ బృందం వరసపెట్టి చూపింది. మచ్చ పక్కనే మెలనోమా ఉన్న నమూనాలు తీసుకొని, రెండు భాగాల్లోని జన్యువులను పోల్చారు. మచ్చ భాగంలో బీ-రాఫ్ మార్పు ఒక్కటే ఉంది. మధ్యస్థ దశలో కణాలకు అంతులేని విభజన శక్తినిచ్చే టెర్ట్ అనే జన్యువు స్విచ్చు మారింది. లోతుకు చొచ్చుకుపోయిన మెలనోమాలో పీ16ను తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ పోయాయి. పీ16 జన్యువులో లోపాన్ని వారసత్వంగా పొందిన కుటుంబాల్లో మెలనోమా తరతరాలుగా కనిపించడానికి కారణం ఇదే.

ఇన్ని తలుపులు దాటాలి కాబట్టే పుట్టుమచ్చ క్యాన్సర్‌గా మారడం బహు అరుదు. 2003లో అమెరికాలో వేసిన ఒక అంచనా ప్రకారం, ఇరవై ఏళ్ల యువకుడి ఒంటిమీది ఒక మచ్చ ఎనభై ఏళ్లు వచ్చేలోగా మెలనోమాగా మారే అవకాశం దాదాపు 3,200లో ఒకటి. యువతిలో 10,800లో ఒకటి. అది కూడా మెలనోమా ఎక్కువగా ఉన్న తెల్లజాతి సమాజంలో. పైగా మెలనోమాల్లో సుమారు 70 శాతం ఏ మచ్చా లేని చర్మం మీద కొత్తగా పుడతాయి. ముందుజాగ్రత్తగా ఒంటిమీది మచ్చలన్నీ తీయించుకున్నా పెద్దగా ఒరిగేదేమీ లేదని ఈ లెక్క చెబుతోంది.

ఎవరికి ఎక్కువ?

మచ్చల సంఖ్యలో వంశానికీ వాటా ఉంది, ఎండకూ వాటా ఉంది. కవల పిల్లల మీద ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో జరిగిన అధ్యయనాల్లో, ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు మచ్చల సంఖ్య దగ్గరదగ్గరగా ఉన్నట్టు తేలింది. ఎండ మండే క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పెరిగిన తెల్లపిల్లలకు అదే జాతి పిల్లల్లో చల్లని దేశాలవారికంటే మచ్చలు ఎక్కువ. ఒంటిమీద నూరు దాటి మచ్చలున్నవారికి, పదిహేను లోపు ఉన్నవారితో పోలిస్తే మెలనోమా అవకాశం దాదాపు ఏడు రెట్లు. ఇది కూడా తెల్లజాతివారి లెక్కే.

మచ్చలు ఎక్కువ ఉండటం పూర్తిగా నష్టమే అనుకోనక్కర్లేదు. లండన్‌లో కవలల మీద పరిశోధించిన బృందం 2007లో, ఎక్కువ మచ్చలున్నవారిలో క్రోమోజోముల చివర ఉండే టెలోమియర్లు పొడవుగా ఉన్నాయని ప్రకటించింది. కణం విభజించిన ప్రతిసారీ కొంచెం కొంచెం తరిగిపోయేవి ఈ చివరలు. అవి పొడవుగా ఉంటే కణం ముసలిదై ఆగడానికి ఎక్కువ కాలం పడుతుంది, మచ్చలు ఎక్కువ కావడానికి అది ఒక కారణం కావచ్చు.

ఒక్కోసారి శరీరమే మచ్చను చెరిపేస్తుంది. నల్లని మచ్చ చుట్టూ తెల్లని వలయం ఏర్పడి, నెలలు గడిచేకొద్దీ మధ్యనున్న మచ్చ వెలిసిపోతుంది. రోగనిరోధక కణాలు రంగు కణాలను పరాయివిగా ఎంచి దాడి చేయడం వల్ల ఇలా జరుగుతుంది. టీనేజి పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఈ మార్పు చాలావరకు నిరపాయం. బొల్లి ఉన్నవారిలో, వారి కుటుంబాల్లో ఇది కాస్త తరచుగా వస్తుంది.

మచ్చ ఎక్కడుంది?

మచ్చ స్థానాన్ని బట్టి ఫలితం చెప్పడం మనకు పాత అలవాటు. నాలుక మీద మచ్చ ఉంటే అన్నది జరుగుతుందంటారు. అరికాలిలో ఉంటే దేశాలు తిరుగుతారంటారు. ఆ ఫలితాలకు ఆధారం లేదు. కానీ అరికాలిని గమనించాలన్న ఒక్క విషయంలో మాత్రం వైద్యులు మన పెద్దలకంటే గట్టిగా చెబుతారు.

భారతదేశంలో మెలనోమా చాలా అరుదు, ఏడాదికి లక్ష మందిలో ఒకరికంటే తక్కువ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు ఈ వ్యాధిలో ప్రపంచంలోనే ముందున్నాయి. మన చర్మంలోని మెలనిన్ ఎండ నుంచి కాపాడుతోంది కాబట్టి ఎండ వల్ల వచ్చే మెలనోమాలు మనకు తక్కువ. అయితే ఎండతో సంబంధం లేని ఇంకో రకం ఉంది. అది అరికాలిలో, అరచేతిలో, గోటి కింద పుడుతుంది. మెలనిన్ తక్కువగా ఉండే చోట్లవి. ఈ రకం అన్ని జాతుల్లోనూ ఉన్నా, మిగతా రకాలు తక్కువ కావడంతో ఆసియా, ఆఫ్రికా ప్రజల్లో వచ్చే మెలనోమాల్లో దీని వంతే పెద్దది. మన దేశంలో మెలనోమా కనిపించే చోట్లలో పాదం ముందుంటుంది.

రెగే సంగీతాన్ని ప్రపంచానికి పంచిన జమైకా గాయకుడు బాబ్ మార్లేకు వచ్చింది ఇదే. కుడికాలి బొటనవేలి గోటి కింద పుండును ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో మెలనోమా అని తేలింది. వేలు తీసేయాలన్న సలహాకు ఆయన ఒప్పుకోలేదు. వ్యాధి ఒళ్లంతా పాకి, 1981 మే 11న 36 ఏళ్ల వయసులో మరణించారు. మన ఊళ్లలోనూ ఇలాగే ఆలస్యమవుతుంది. అరికాలి మచ్చను ఆనెకాయ అనో, గోటి నలుపును గోరుచుట్టు అనో, మానని పుండును షుగరు పుండు అనో అనుకొని నెలలు గడిపేస్తారు.

అరికాలిలో మామూలు పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. వాటిని వేరుచేయడంలో జపాన్ వైద్యులు ఒక అందమైన గుట్టు కనిపెట్టారు. అరికాలి చర్మం మీద వేలిముద్రల్లాగే గట్లు, వాటి మధ్య గాళ్లు ఉంటాయి. షిన్షు విశ్వవిద్యాలయంలో తొషియాకి సైదా, ఆయన సహచరులు డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూసినప్పుడు, నిరపాయకరమైన మచ్చల రంగు ఎక్కువగా గాళ్ల వెంట, మెలనోమా రంగు గట్ల మీద పరుచుకున్నట్టు గమనించారు. చర్మం కోయకుండానే అనుమానాన్ని బలపరచడానికో తేలిక చేయడానికో ఈ తేడా ఇప్పుడు ప్రపంచమంతటా వాడుతున్నారు.

బొమ్మ చూసి మచ్చను గుర్తించడం కంప్యూటర్లూ నేర్చాయి. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1,29,450 ఫొటోలతో ఒక కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చి, 21 మంది చర్మవైద్యులతో పోటీపెట్టారు. అది వారితో సమానంగా నిలిచింది. అయితే ఇలాంటి ఫొటో సేకరణల్లో తెల్లని చర్మం బొమ్మలే అధికం. చామనఛాయ పాదాలనూ గోళ్లనూ అంతగా చూడని యంత్రం చెప్పే తీర్పును మనం ఆచితూచి తీసుకోవాలి. ఫోన్‌లో ఫొటో తీస్తే మచ్చ మంచిదో చెడ్డదో చెప్పేస్తామనే యాప్‌లకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఏం చూడాలి?

1985లో న్యూయార్క్ వైద్యులు మెలనోమాను అనుమానించడానికి నాలుగు గుర్తులు ఇచ్చారు, 2004లో ఐదోది చేరింది. మచ్చను సగానికి గీత గీసినట్టు ఊహిస్తే రెండు వైపులా ఒకేలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించడం, అడ్డంగా 6 మిల్లీమీటర్లు మించడం, మారుతూ ఉండటం. వీటిలో చివరిదే ముఖ్యం. పెద్దలలో ఒక మచ్చ వారాల్లో, నెలల్లో పెరుగుతున్నా, రంగు మారుతున్నా, దురద పెట్టి రక్తం కారుతున్నా చూపించుకోవాలి. ఒంటిమీది మిగతా మచ్చలన్నీ ఒక తీరున ఉండి ఒక్కటే వేరుగా ఉన్నా చూపించాలి.

మనవాళ్లు దీనికి మరో రెండు చేర్చుకోవాలి. మొదటిది పాదం. స్నానం చేసేటప్పుడు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి, వంగలేని పెద్దవాళ్లకు ఇంట్లోవాళ్లు చూడాలి. కొత్తగా వచ్చి పెరుగుతున్న నల్లమచ్చ, రెండు నెలలైనా మానని పుండు ఉంటే ఆగకూడదు. రెండోది గోరు. ముదురు చర్మం వారికి చాలా గోళ్లలో సన్నని నల్లగీతలు ఉండటం సహజం. పెద్ద వయసులో ఒకే ఒక్క గోటిలో కొత్తగా గీత పడి వెడల్పవుతుంటే, ఆ నలుపు గోటి మొదట్లోని చర్మం మీదికి పాకితే అది వేరే విషయం. ఆ పాకడాన్ని 1886లోనే లండన్ సర్జన్ జొనాథన్ హచిన్‌సన్ వర్ణించారు.

మచ్చ అందానికి అడ్డం అనిపిస్తే తీయించుకోవచ్చు. సున్నం, చాకలిసోడా కలిపి పెట్టడం, అగరువత్తితో కాల్చడం, బ్యూటీపార్లర్‌లో లేజర్‌తో తీసేయడం మాత్రం వద్దు. గాయం, మచ్చ మిగలడం ఒక ఎత్తు. అసలు నష్టం వేరే ఉంది. కాల్చేసిన మచ్చను మైక్రోస్కోప్ కింద పరీక్షించడం కుదరదు. లోపల ఏముందో ఎప్పటికీ తెలియకుండా పోతుంది. అనుమానమున్న మచ్చను డాక్టరు మొత్తంగా కోసి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ మెలనోమా అని తేలితే అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న లోతు ఎంత అని. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపించిన ఈ కొలతే నేటికీ చికిత్సకు మూలం. లోతు 1 మిల్లీమీటరు లోపు ఉన్నప్పుడు కోసి తీసేస్తే చాలామందికి నయమైపోతుంది.

ముదిరిన మెలనోమాకు 2011 నుంచి కొత్త రకం మందులు వచ్చాయి. తప్పు బీ-రాఫ్‌నే వెతికి పట్టుకొని ఆపే వెమురాఫెనిబ్ వాటిలో ఒకటి. పుట్టుమచ్చల అధ్యయనానికి దారితీసిన పరిశోధనే ఈ మందుకూ దారి తీసింది. అరికాలి మెలనోమాల్లో మాత్రం బీ-రాఫ్ మార్పు తక్కువగా ఉంటుంది, కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఆ మందు పనికిరాదు. మన చర్మానికి ఎక్కువగా వచ్చే రకాన్ని మందు కంటే ముందు కన్నే పట్టుకోవాలి. పదో తరగతిలో చెంప మీద, మోచేతి మీద వెతికిన ఓపికలో కాస్త అరికాలికీ కేటాయిస్తే చాలు.